చేపలు నడుముకి కట్టుకున్న మేధావి

మా ఆవిడతో వాదించి నెగ్గిన సందర్భాలు నాకు పెద్దగా లేవు. సొరచేపల విషయంలో మాత్రం నెగ్గాను. అదే నా కొంప ముంచింది.

అడిలైడ్‌లో డేటా అనలిస్టుని. అంకెలు చూపించి అవతలివాడి నోరు మూయించినందుకు నాకు జీతమిస్తారు. ఆఫీసులో ఒక మిత్రుడు స్పియర్‌ఫిషింగ్ అంటించాడు. సిలిండరూ గిలిండరూ ఉండదు. ఊపిరి బిగబట్టి మునగడం, రాళ్ళ సందుల్లో చేప కనిపిస్తే రబ్బరు పట్టీలు లాగి ఎక్కుపెట్టిన స్పియర్‌గన్‌తో గుచ్చడం, పైకి తేలడం. నలభై దాటాక మగాడికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి మారథాన్, కొందరికి ఆధ్యాత్మికం. నాకిది పట్టుకుంది.

"ఆ నీళ్ళల్లో సొరలుంటాయటగా?" అంది మా ఆవిడ.

లాప్‌టాప్ తెరిచాను. ఫ్లోరిడా మ్యూజియం వాళ్ళు ఏళ్ళ తరబడి నడుపుతున్న ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్ ఉంది. 2024లో ప్రపంచం మొత్తమ్మీద, మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచిన ఘటనలు 47. "ఎనిమిది వందల కోట్ల జనం, 47 కాట్లు. భాగించి చూడు. కొబ్బరికాయ నెత్తిన పడి ఏటా నూట యాభైమంది పోతున్నారు తెలుసా?" అన్నాను.

"కోనసీమ పిల్లకి కొబ్బరికాయల గురించి చెప్తున్నారా? మా తాతగారి తోటలో ఎంతమంది పోయారో చెప్పండి ముందు" అంది. అక్కడితో ఆగి ఆలోచించాల్సింది. ఆ నూట యాభై లెక్క ఎవరూ లెక్కపెట్టింది కాదు, నోటికీ నోటికీ పాకిన పుకారు. నాకది తెలుసు కూడా. కానీ 47 మాత్రం అసలైన అంకె కావడంతో, దాని పక్కన నిలబెట్టిన దొంగ అంకె కూడా పెద్దమనిషిలా కనిపించింది. ఆవిడ నిట్టూర్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నెగ్గాననుకున్నాను.

ఇప్పుడు నా ఘనకార్యం విప్పి చెప్తాను. ఆ ఫైలులో ముఖ్యంగా రెండు గడులుంటాయి. ఊరికే ఈదుతున్నవాణ్ణి, అలల మీద తేలుతున్నవాణ్ణి సొర వచ్చి కరిస్తే ఒక గడి. మనిషే ఏదో చేసి సొరని తన మీదికి తెచ్చుకుంటే రెండో గడి. ముట్టుకోబోయినవాడు, మేత వేసినవాడు, వలలోంచి విడిపించబోయినవాడు, చేపని గుచ్చుతున్నవాడు అందరూ రెండోదాంట్లోకే పోతారు. అంటే మా ఆవిడకి చూపించిన 47లో నాలాంటివాడు ఒక్కడూ లేడు. ఇక కింద వేసిన ఎనిమిది వందల కోట్ల సంగతి. జన్మలో సముద్రం మొహం చూడని ఆదిలాబాద్ పత్తి రైతుని కూడా కలిపి భాగించాను. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలాంటి లెక్క పట్టుకొస్తే కాగితం మొహాన కొట్టి పంపించేవాణ్ణి.

చేపని గుచ్చేవాడి పరిస్థితి ఈతగాడి పరిస్థితి లాంటిది కానే కాదు. ఈటె దిగిన చేప గిజగిజా కొట్టుకుంటుంది. ఆ కుదుపుల్లోంచి వచ్చే లోతైన గుడుగుడు చప్పుడు నీళ్ళలో చాలా దూరం పోతుంది. సొర చెవికి అదే భోజనం గంట. తర్వాత నెత్తురు వాసన పని చేస్తుంది. దగ్గరికొచ్చాక దాని ముక్కు చుట్టూ ఉన్న సన్నని రంధ్రాలు ప్రాణి ఒంట్లోని కండరాలు పుట్టించే అతి చిన్న విద్యుత్తుని కూడా పసిగడతాయి. సొర మనిషికోసం రాదు, చేపకోసం వస్తుంది. మనిషి ఆ చేపకి ఎంత దూరంలో ఉన్నాడన్నదే ప్రశ్న.

నేను దూరం పెట్టలేదు. ఇది తెలిసి చేసిన పని కాబట్టే ఇంత రాస్తున్నాను. బుద్ధున్న వేటగాళ్ళు చేప చేతికి రాగానే కళ్ళ వెనక కత్తి దింపి ఒక్క క్షణంలో చంపేస్తారు, కొట్టుకోనివ్వరు. పొడుగాటి తాడు చివర నీటి మీద తేలే బోయాకి దాన్ని తగిలిస్తారు, లేదా పడవలో పడేస్తారు. నాకు ఆ తాడు రాళ్ళకి చుట్టుకుంటోందని చిరాకు. చేపలు గుచ్చే తీగ కొక్కేన్ని నడుం బెల్టుకే తగిలించుకున్నాను. ఫొటోల్లో కూడా అదే బాగుంటుంది మరి.

పైగా వంశ గర్వం ఒకటి. "మేం కాకినాడవాళ్ళమండీ, సముద్రం పక్కనే పుట్టాం" అని తెల్లవాళ్ళ ముందు కోతలు కోసేవాణ్ణి. మా నాన్న బ్యాంకు గుమాస్తా. బీచికెళ్తే మోకాళ్ళు దాటి దిగేవాడు కాదు. సముద్రంతో మా అనుబంధమంతా గిన్నెలోనే. ఉప్పాడ నుంచి గంపలో వచ్చే పాలసొర, ఇంట్లో బాలింత ఉంటే తప్పనిసరి, పాలు పడతాయని. ఉడకబెట్టి తోలు తీసి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి పొడిపొడిగా వేయించిన సొర పిట్టు. మా వంశంలో సొరని తిన్నవాళ్ళున్నారు గాని, సొర తిన్నవాళ్ళు లేరు. ఉప్పాడ బోటువాడెవడికైనా నా బెల్టు చూపించి ఉంటే ఒక్క మాటలో తేల్చేసేవాడు.

అంతకంటే సిగ్గుపడాల్సింది రాడ్నీ ఫాక్స్ సంగతి. మా ఇంటికి గంట లోపు దూరంలో ఆల్డింగా బీచి ఉంది. 1963 డిసెంబరు 8న అక్కడ స్పియర్‌ఫిషింగ్ పోటీలో ఫాక్స్‌ని తెల్లసొర ఛాతీ దగ్గర పట్టుకుంది. ఎలాగో విడిపించుకుని పైకి తేలాడు. అది మళ్ళీ వచ్చి ఆయన నడుం బెల్టుకి తాడుతో కట్టి ఉన్న చేపల బోయాని నోట కరుచుకుని, ఆయన్ని కూడా అడుక్కి ఈడ్చుకుపోయింది. తాడు తెగబట్టి బతికాడు. 462 కుట్లు పడ్డాయి. పడవలోకి లాగినవాళ్ళు వెట్‌సూట్ విప్పకుండా అలాగే ఉంచారు. లోపలి అవయవాలు బయటికి రాకుండా పట్టి ఉంచింది ఆ రబ్బరు చొక్కానే. అదే తీరంలో 1961లో బ్రయన్ రాడ్జర్ అనే ఆయన కాలు చీల్చేస్తే, తన స్పియర్‌గన్ రబ్బరే ఊడదీసి తొడకి బిగించుకున్నాడు. ఫాక్స్ తర్వాత సొరల్ని చూడ్డానికి నీళ్ళలో దింపే ఇనప బోను కట్టి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఆ బీచికి తీసుకెళ్ళి, చేతులు తిప్పుతూ ఈ కథంతా చెప్పేవాణ్ణి. తాడు తెగిన ఘట్టం దగ్గర అందరూ "అమ్మో" అనేవాళ్ళు. ఆ తాడుకి కనీసం పొడుగుంది. నా బెల్టుకి అదీ లేదు.

ఆ సాయంత్రం యార్క్ పెనిన్సులాలో దిగాం, నేనూ, తమ్ముడిలాంటి ఒక నెల్లూరు కుర్రాడూ. మబ్బు పట్టి ఉంది. గాలికి నీళ్ళు కలగిపోయి చెయ్యి చాపితే వేళ్ళు మసకగా కనిపిస్తున్నాయి. ఒడ్డుకి దగ్గర్లో సాల్మన్ గుంపు తిరుగుతోంది. సాల్మన్ వెనకాలే బ్రాంజ్ వేలర్ అనే రాగిరంగు సొరలు వస్తాయని అక్కడ గాలం వేసే ముసలాళ్ళందరికీ తెలుసు. సాయంత్రం, మురికి నీళ్ళు, చేపల గుంపు. మూడూ ఒక్కసారి కుదరడానికి పంచాంగం చూడాలి. ఇద్దరం పక్కపక్కనే ఉండి ఒకడు మునిగితే ఒకడు పైనుంచి చూడాలన్నది ఈ ఆటలో మొదటి నియమం. సొరకోసం కూడా కాదు. ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ళని ఎక్కువగా చంపేది సొర కాదు. పైకి వస్తూ వస్తూ ఆక్సిజన్ చాలక తెలివి తప్పడం, ఎవరూ పట్టుకోకపోతే మునిగిపోవడం. మేం ఆ నియమాన్ని కూడా పాటించలేదు. కుర్రాడు అటువైపు రాళ్ళ దగ్గరున్నాడు.

ముందు బెల్టు దగ్గర ఎవరో పిలిచినట్టు చిన్న లాగుడు. చూస్తే పక్కనుంచి పొడుగ్గా ఒక గోడ జరిగిపోతోంది. అప్పుడేం చెయ్యాలో నాకు కంఠతా వచ్చు. దానివైపు తిరిగి కళ్ళు దాని మీదే పెట్టాలి, గన్ ముందుకి చాచి అడ్డం పెట్టుకోవాలి, చేపల్ని వదిలెయ్యాలి, వీపు రాతికి ఆనించి మెల్లగా జరగాలి. కొక్కెం నొక్కితే తీగ ఊడిపోతుంది, ఒక్క బొటనవేలి పని. నేను మాత్రం వీపు తిప్పి, కాళ్ళు టపటపా కొడుతూ ఒడ్డుకి పారిపోయాను. గాయపడ్డ చేప ఎలా కొట్టుకుంటుందో అలా. నడుం కింద నేను గుచ్చిన సాల్మన్లు వేలాడుతూనే ఉన్నాయి.

అది సాల్మన్‌నే పట్టింది. పక్కన నా కుడి పిక్క ఉంది. నొప్పి అని చెప్పలేను, తలుపు సందులో కాలు పడ్డట్టు గట్టి నొక్కుడు, ఒక విదిలింపు, అంతే. మరుక్షణం బెల్టు తేలికైంది. దానికి కావలసింది తీసుకుని వెళ్ళిపోయింది.

కుర్రాడు నా కేక విని ఈదుకొచ్చి, చంకల్లో చేతులు వేసి రాళ్ళ మీదికి లాగాడు. ఇక్కడినుంచి నా మేధావితనం రెండో అంకం. కాలు నాది, నెత్తురు నాది, సలహాలు కూడా నావే.

మొదటిది: "వెట్‌సూట్ విప్పరా, ఎంత తెగిందో చూద్దాం" అన్నాను. ఫాక్స్ కథ చుట్టాలకి చెప్పే మనిషిని! వాడు వినలేదు. చిరిగిన చోట వేలు పెట్టి గాయం ఎక్కడుందో చూశాడు, తన చొక్కా ఉండ చుట్టి అందులో కుక్కాడు, పైన రెండు అరచేతులూ పెట్టి ఒళ్ళంతా దాని మీద మోపాడు. "గమ్మునుండన్నా" అన్నాడు. బయటికి కనిపించే నెత్తురు మీద గుడ్డ కప్పడం వేరు, లోపల కారుతున్న చోటుదాకా గుడ్డ కూరి నొక్కడం వేరు. మధ్యమధ్య ఎత్తి చూడకూడదు. నేను "ఆగిందా? ఒకసారి చూడు, ఆగిందా?" అని అడుగుతూనే ఉన్నాను.

ఆగలేదు. గుడ్డ తడిసి వేళ్ళ సందుల్లోంచి వస్తోంది. టూర్నికెట్ కావాలి, బిగించి నెత్తురు ఆపే పట్టీ. ఉంది! పేరున్న కంపెనీది, మంచి ధర పెట్టి కొన్నాను. ఎక్కడుందంటే, కొండ పైన కారు డిక్కీలో, పిల్లాడి స్ట్రోలర్ కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. తొడలోంచి వెళ్ళే పెద్ద ధమని తెగితే మనిషి కొద్ది నిమిషాల్లో పోతాడు. డిక్కీలో ఉన్న పట్టీ కొట్లో ఉన్న పట్టీతో సమానం. నాకు తెగినది అంత పెద్దది కాదు. అది నా తెలివి కాదు, సొర పళ్ళు దిగిన చోటు.

కుక్కతో నడకకొచ్చిన ఒక పెద్దావిడ కేకలు విని దిగింది. తాళాలు తీసుకుని మళ్ళీ పైకి పరుగెత్తింది. ఈలోగా కుర్రాడు చేసిన పని నేను జన్మలో మరవను. ఆమె కుక్క గొలుసు పక్కన పడేస్తే, దాన్ని తొడకి కట్టమన్నాను నేను. వాడు కట్టలేదు. గజ్జల్లో, తుంటి ఎముకకీ మర్మస్థానానికీ నడిమధ్య పిడికిలి పెట్టి, మోచెయ్యి వంచకుండా నిటారుగా నిలబెట్టి, బరువంతా దాని మీద వేశాడు. కాన్‌బెర్రాలో నికొలస్ టేలర్ అనే డాక్టరు ఉన్నారు, అలల మీద స్వారీ చేసే మనిషి. కాలికి కాటు పడితే సర్ఫింగ్ పలక తాడుతో కట్టడం మేలా, ఇలా గజ్జల్లో పిడికిలితో నొక్కడం మేలా అని పరీక్షించి 2021లో ప్రచురించారు. పిడికిలే మేలని తేలింది, వెట్‌సూట్ మీదనుంచి నొక్కినా సరే. సన్నటి తాడు చర్మాన్ని కోస్తుంది గాని లోపలి ధమనిని మూయలేదు. ఈ సంగతి వాడికి మా ఆఫీసువాళ్ళు పెట్టించిన ఫస్ట్ ఎయిడ్ క్లాసులో తెలిసింది. ఆ క్లాసుకి నా పేరు కూడా వచ్చింది. నాకు ఆరోజు మీటింగు.

పట్టీ వచ్చింది. పెద్దావిడ కవరు పళ్ళతో చింపింది. గాయానికి నాలుగు వేళ్ళ పైన కట్టబోతే అక్కడ మోకాలు వచ్చింది. కీలు మీద కట్టకూడదు, అందుకని మోకాలు దాటి తొడకి కట్టారు. పట్టీ లాగి, దాని మీదున్న పుల్ల తిప్పడం మొదలెట్టారు. రెండు తిప్పులకి నేను "చాలు చాలు" అన్నాను. నెత్తురు ఇంకా వస్తోంది. మూడో తిప్పుకి అరిచిన అరుపుకి కుక్క పారిపోయింది. సొర కరిచినప్పటికంటే ఆ పట్టీ నొప్పి ఎక్కువ, ఒట్టు. నొప్పిగా ఉందంటే తప్పుగా కట్టారని కాదు. సరిగా కడితే అలాగే ఉంటుంది.

అక్కడ మా తాతగారు నోట్లోంచి దూకారు. "పావుగంటకోసారి వదులు చెయ్యాలిరా, లేకపోతే కాలు కుళ్ళిపోతుంది" అన్నాను. మా ఊళ్ళో పాము కరిస్తే కాలికి తాడు కట్టి, మధ్యమధ్య వదులు చేసేవారు. పాము కాటుకే అది ఇప్పుడు వద్దంటున్నారు. నెత్తురు కారుతున్నవాడికైతే వదిలిన ప్రతిసారీ మరో గ్లాసెడు ఒలికించడమే. ఒకసారి బిగించాక ఆసుపత్రిలోనే విప్పాలి. రెండు గంటల లోపు అయితే కాలికి సాధారణంగా ఢోకా ఉండదు. కట్టిన టైము మాత్రం రాసి పెట్టాలి. తడి నుదుటి మీద పెన్ను పడలేదు. పట్టీ మీదే తెల్ల చీటీ ఉంటుంది, అక్కడ రాశారు.

తర్వాత, "అంబులెన్సు ఎప్పుడొస్తుంది, కారెక్కించండి, దారి నేను చెప్తాను" అన్నాను. గుంటల రోడ్డు మీద కుదుపుకి పట్టీ జారితే వెనక సీట్లో ఎవడు నొక్కుతాడు? కింద ఫోను సిగ్నల్ లేదు. పెద్దావిడే మళ్ళీ పైకెక్కి 000కి చేసింది. ఎక్కడున్నారో కచ్చితంగా చూపించే ఎమర్జెన్సీ ప్లస్ అనే ప్రభుత్వం యాప్ ఒకటుంది ఇక్కడ. క్రికెట్ వీడియోలకి చోటు చాలక నేను తీసేశాను. ఆవిడ ఫోన్లో ఉంది.

దాహం, దాహం. ఫ్లాస్కులో టీ ఉంది, ఇమ్మని బతిమాలాను. ఆపరేషనుకి వెళ్ళేవాడికి కడుపు ఖాళీగా ఉండాలని చుక్క ఇవ్వలేదు. పళ్ళు టకటకలాడుతుంటే కింద తువ్వాలు పరిచి, పైన ఉన్న జాకెట్లన్నీ కప్పారు. ఒళ్ళు చల్లబడితే నెత్తురు గడ్డకట్టే గుణం తగ్గుతుందట, అందుకని చలిని కూడా గాయంలా చూడాలి. నేను మాత్రం ఆ స్థితిలో కూడా, కాఫీ పొడి అద్దితే ఆగుతుందేమో అన్నానట. కుర్రాడు ఇప్పటికీ పార్టీల్లో చెప్తుంటాడు. నాకు గుర్తులేదు, కానీ అనే ఉంటాను.

అంబులెన్సులో వచ్చిన ఇద్దరూ వాలంటీర్లు. ఆ పల్లెల్లో చాలాచోట్ల అంతే. వాళ్ళు పట్టీ చూసి, చీటీ చదివి, కుర్రాడి భుజం తట్టారు. నా గన్ గురించి ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో ముందు ఎక్స్‌రే తీశారు, పంటి ముక్క లోపల ఉండిపోయిందేమోనని. ఫాక్స్ మణికట్టులో ఒక ముక్క అలాగే ఉండిపోయింది కదా. నాకు ఆ గౌరవం కూడా దక్కలేదు. గాయాన్ని సెలైన్‌తో కడిగీ కడిగీ, వెంటనే కుట్లు వెయ్యకుండా తెరిచి ఉంచారు. సముద్రపు నీళ్ళలో, సొర నోట్లో ఉండే విబ్రియో లాంటి బాక్టీరియా మూసిన గాయంలో పండగ చేసుకుంటుంది. దానికి తగిన యాంటీబయాటిక్స్, టెటనస్ ఇంజెక్షను ఇచ్చి, కొన్నాళ్ళకి మూశారు. డాక్టరమ్మ కాగితం నింపుతూ, "చేపలు ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. చెప్పాను. పెన్ను ఆపి ఒకసారి నా మొహంలోకి చూసి, మళ్ళీ రాసుకుంది. ఏ గడిలో రాసిందో అడగక్కర్లేదు.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నాకు నడక వచ్చాక, నెత్తురు ఆపడం నేర్పే క్లాసుకి తను వెళ్ళొచ్చింది. ఈసారి పట్టీలు రెండు కొంది. ఒకటి వేటకి, కవరు విప్పి, ఒక్క చేత్తో తీసేలా మడిచి బోయాకే కట్టేసింది. బోయా అంటే ఆ పొడుగు తాడు బోయానే, రాళ్ళకి చుట్టుకున్నా సరే. ఇంకొకటి నేర్చుకోడానికి. సోఫాలో పడుకోబెట్టి నా బాగున్న కాలి తొడకి చుట్టి, పుల్ల తిప్పడం మొదలెట్టింది. చాలామంది ఎక్కడ నొప్పిపుడుతుందోనని సగంలోనే ఆపేస్తారని క్లాసులో చెప్పారట.

"చాలే, బిగిసింది" అన్నాను.

పాదం మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది. "నాడి ఇంకా కొట్టుకుంటోందండీ. నోరు మూసుకుని పడుకోండి" అని ఇంకో తిప్పు తిప్పింది.